తెల్లవారితే శుక్రవారం

ఒకే హాలు, ఒకే రాత్రి, రెండు పెళ్ళిళ్ళు. కిందటి వారం సునీతను సరిగ్గా ఈ చిక్కులో నిలబెట్టి మనమంతా పత్రిక మూసి హాయిగా పడుకున్నాం. పాపం, ఆమెకు ఆ భాగ్యం లేకపోయింది. శంషాబాద్ దాటి కొత్తూరు వైపు వెళ్ళే దారిలో ఉన్న ఈశ్వరయ్య గార్డెన్స్‌లో ఈ గురువారం రాత్రి పాల్మాకుల అనంతమ్మ మనవరాలి పెళ్ళి. అదే గురువారం రాత్రి, అదే హాల్లో, బడంగ్‌పేట్ రత్నమాలగారి అబ్బాయి పెళ్ళి. రెండు ఇళ్ళవాళ్ళూ శుభలేఖలు పంచేశారు. హాళ్ళు బుక్ చేసుకునే 'పందిరి' అనే వెబ్‌సైటేమో ఆ రాత్రి ఖాళీ అని రత్నమాలగారికి పచ్చరంగులో చూపించి, బుకింగు తీసుకుని, పైగా శుభాకాంక్షలు కూడా చెప్పింది. ఆ వెబ్‌సైటు రాసిన పిల్లే మన సునీత.

అంతటితో పోతే అది కంప్యూటరు గొడవ, చూసుకుందాంలే అనుకోవచ్చు. కానీ హాలు మేనేజరు పాండు సునీతకు సొంత మేనమామ. అనంతమ్మ ఇంటి పెళ్ళిని వెబ్‌సైటులోకి ఎక్కించింది అతనే. హాలు యజమాని ఈశ్వరయ్యకు ఒక అనుమానం పుట్టింది. పట్నంవాళ్ళ మెప్పు కోసం పాండే ఊరివాళ్ళ పెళ్ళిని చడీచప్పుడూ లేకుండా పక్కకు జరిపి, ఆ రాత్రిని ఖాళీ చేసి పెట్టాడని. ఈశ్వరయ్య మంచివాడే గానీ, ఆయన బుర్రలోకి అనుమానం దూరడమే తరువాయి, ఇక అది కిరాయి కట్టకుండా కాపురం పెట్టేస్తుంది. సోమవారం మధ్యాహ్నంలోగా సంగతి తేలకపోతే పాండు తాళంచెవుల గుత్తి బల్లమీద పెట్టి ఇంటికి పోవాలని చెప్పేశాడు. ఆ హాలు కట్టిన నాటి నుంచి ఆ గుత్తిని నడుముకు వేలాడదీసుకుని తిరిగిన మనిషికి ఆ మాట చెంపదెబ్బ కన్నా ఎక్కువే.

ఇప్పుడు సోమవారం పొద్దున. ఈశ్వరయ్య ఆఫీసు గదిలో అందరూ చేరారు. కిటికీ తెరవరు, ఎందుకంటే తెరిస్తే నెత్తిమీదుగా దిగే విమానాల మోత. విమానం పోతున్నంతసేపు మాట ఆపి, పోయాక ఆపిన చోటి నుంచే అందుకోవడం ఆ చుట్టుపక్కల వాళ్ళకు అలవాటు. రత్నమాలగారికి ఆ అలవాటు లేదు కాబట్టి ఆమె విమానంతో పోటీపడి మాట్లాడుతూనే ఉంది.

"మేము లక్ష్మీవారం రాత్రికే అని చూసుకుని మరీ నొక్కామండీ. ఖాళీ అనే చూపించింది. వైజాగ్ నుంచి మావాళ్ళంతా టిక్కెట్లు తీసేసుకున్నారు. రాత్రి తొమ్మిది లోపే ముహూర్తం. ఇప్పుడు హాలు లేదంటే పెళ్ళికొడుకుని పట్టుకుని నేనెక్కడికి పోనండీ?"

గోడ పక్క కుర్చీలో అనంతమ్మ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. పెళ్ళికూతురి నాయనమ్మ ఆమె. ఇంట్లో మగవాళ్ళు వస్తే కొట్లాట అవుతుందని తానే ఆటో ఎక్కి వచ్చింది. "మేము గూడ బేస్తారం రాత్రికే చెప్పినం తల్లీ. గీ పాండుకే చెప్పినం. కంప్యూటర్ల ఏం జరిగిందో మాకేం ఎరుక," అంది. ఆమె గొంతులో కోపం లేదు. మనవరాలి పెళ్ళి ఎలాగైనా అయితీరుతుందని ఆమెకు గట్టి నమ్మకం.

పాండు తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, అనకుండా కూర్చునే మనిషీ కాదు. మామ అలా చేతులు కట్టుకుని నిలబడడం సునీత చూడలేకపోయింది. తనకు సైకిలు నేర్పినవాడు, ఎంసీఏ ఫీజు కట్టే రోజున కాలేజీ గేటు దాకా వెంట వచ్చినవాడు, తను రాసిన వెబ్‌సైటుకు ఈశ్వరయ్యను మొదటగా ఒప్పించినవాడు. ఆ వెబ్‌సైటు వల్లే ఇప్పుడు అతని పరువు పోతోంది.

"ఏమాయె సునీతా, దొరికిందా?" అన్నాడు ఈశ్వరయ్య. "నీ ఫంక్షనేందో గని, నా ఫంక్షన్ హాలు ఇజ్జత్ వోయేటట్టున్నది."

"చూస్తున్న పెద్దబాపూ, జర ఆగుండ్రి," అంది సునీత ల్యాప్‌టాప్ నుంచి తల ఎత్తకుండా.

ఇక్కడ కంప్యూటరు తెలియని పాఠకుల కోసం ఒక్క ముక్క. తెలిసినవాళ్ళు ఈలోపు టీ తాగి రండి. వెబ్‌సైటు వెనకాల డేటాబేస్ అని ఒకటి ఉంటుంది. పెద్ద బీరువా అనుకోండి. బుకింగులన్నీ అందులో వరసగా ఉంటాయి. ఎవరైనా ఫలానా రాత్రి ఖాళీయా అని అడిగితే, ఆ బీరువా దగ్గరికి పోయి చూసి రమ్మని సునీత ఒక మనిషిని పెట్టింది. ఆ మనిషినే ఫంక్షన్ అంటారు. సాయంత్రం నుంచి మర్నాడు పొద్దు పొడిచేదాకా ఏదైనా ముహూర్తం ఉందేమో చూడ్డం, ఉంటే నిండింది అని, లేకపోతే ఖాళీ అని చెప్పడం. ఆ మనిషికి అంతకుమించి పని లేదు, అంతకుమించి తెలివీ లేదు.

ఇప్పుడా మనిషి గురువారం రాత్రికి అనంతమ్మ ఇంటి పెళ్ళి లేనే లేదంటున్నాడు. పోనీ తప్పు చేశాడా అంటే, తప్పు జరిగితే ఎర్రటి అక్షరాలతో గోల పెట్టే కంప్యూటరు ఈసారి నోరే మెదపలేదు. డేటాబేస్‌కు ఏమని అడుగుతున్నాడో సునీత ముందుగా తెరమీద అచ్చు వేయించి చూసింది. అడగడం సరిగ్గానే అడుగుతున్నాడు. ఫంక్షన్‌ను పక్కన పెట్టి అదే ప్రశ్న డేటాబేస్‌ను నేరుగా తనే అడిగింది. సున్నా అని వచ్చింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ సున్నా.

"సర్వరు గడియారం తేడా అయి ఉంటుందండీ," అన్నాడు వరప్రసాద్. 'పందిరి' అతనిదే. రాజమండ్రి నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవాడు, సునీతకు యజమాని, మర్యాదస్తుడు. ఎంత మర్యాదస్తుడంటే, అనుమానించడం కూడా గారు పెట్టే అనుమానిస్తాడు. "మన సర్వరు విదేశీ టైములో ఉంటుంది కదా. మనకూ దానికీ అయిదున్నర గంటలు తేడా. అది సర్దితే సరిపోతుంది. ఇలాంటివి నేను చాలా చూశాను."

సునీత సర్దింది. మళ్ళీ సున్నానే. వరప్రసాద్ గొంతు సవరించుకుని, తను చాలా చూసినవాటిలో ఇది లేదన్నట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అప్పుడామె వేరే దారి పట్టింది. రాత్రి సంగతి వదిలేసి, అనంతమ్మ పేరు మీద ఉన్న బుకింగు చూపించమని అడిగింది. వెంటనే వచ్చి తెరమీద నిలబడింది. తేదీ ఈ గురువారం. ముహూర్తం రెండూ నలభై, తెల్లవారుజాము. ఎక్కించినవారు పాండు. సునీత ఆ వరసను రెండుసార్లు చదివింది. తేదీ సరే, వేళ సరే. అనంతమ్మ శుభలేఖలో ఉన్నది ఉన్నట్టే ఉంది. వరప్రసాద్ కూడా వంగి చదివాడు. అతనికీ తప్పేమీ కనిపించలేదు.

"అవ్వా, మీ ముహూర్తం రాత్రి రెండూ నలభైకే గద?"

"గంతే బిడ్డా. అయ్యగారు గట్టిగ చెప్పిండు."

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి గురువారం రాత్రి అడిగితే సున్నా ఎందుకు వస్తోంది? ఏమీ తోచక సునీత బుధవారం రాత్రిని అడిగింది. ఒకటి అని వచ్చింది. అనంతమ్మ మనవరాలు బుధవారం రాత్రిలో పోయి కూర్చుంది.

"అదుగో, చూశారా," అన్నాడు వరప్రసాద్. "సునీతగారూ, మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ పాండుగారు దాన్ని ఒకరోజు ముందుకు జరిపారన్నది కనిపిస్తూనే ఉంది కదా."

"జరపలే సార్. ఎక్కించిన నాటి సంది దాన్ని ఎవ్వరూ ముట్టుకోలే. ముట్టుకుంటే ఎప్పుడు ముట్టుకున్నది డేటాబేస్ల పడుతది. పడలే, మీరే చూడుండ్రి."

"అయితే ఎక్కించేటప్పుడే తప్పు ఎక్కించారేమో."

"నేను బేస్తారమే ఎక్కించిన సార్," అన్నాడు పాండు. ఆ గదిలోకి వచ్చాక అతను నోరు విప్పడం అదే మొదటిసారి. "పిల్ల లగ్గం ముచ్చట. నేను అటుదిటు మర్లవెడుతనా?"

ఈశ్వరయ్య బల్లమీద వేలితో కొట్టాడు. "మర్లవెట్టనోనివైతే, బుధారం ఎట్లవడ్డది? దానంతట అదే నడుసుకుంట వోయిందా?" గోడ గడియారం మధ్యాహ్నం వైపు పోతోంది. సునీతకు భయం వేసింది. మామ అబద్ధం చెప్పడు, డేటాబేస్ కూడా అబద్ధం చెప్పదు. రెంటిలో ఒకదాన్ని వదులుకోవాలంటే దేన్ని వదులుకోవాలో ఆమెకు తెలుసు. కానీ మేనకోడలి నమ్మకం ఈశ్వరయ్యకు ఎందుకు పనికొస్తుంది?

ఆ పనిలో ఉన్నవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. తప్పు ఎక్కడుందో దొరకనప్పుడు, ఆ తప్పును మళ్ళీ కళ్ళముందు జరిగేలా చెయ్యడం. ఏ మాటలూ నమ్మకుండా, ఎవరినీ తిట్టకుండా, మొదటిసారి ఏం చేశారో మళ్ళీ అదే చేయించి చూడడం.

ఆమె ల్యాప్‌టాప్‌ను బల్ల చివరికి తిప్పింది. "మామా, గీడికి రా. గిప్పుడు నా ముంగట ఒక లగ్గం ఎక్కించు. ఉత్తుత్తి లగ్గమే. ఇయ్యాల రాత్రికి ఉన్నదనుకో. ముహూర్తం గదే, రెండూ నలభై. నువ్వు రోజు ఎట్ల ఎక్కిస్తవో గట్లనే ఎక్కించు. నా దిక్కు చూడకు."

పాండు చేతులు ప్యాంటుకు తుడుచుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోవాలా వద్దా అని ఈశ్వరయ్య వంక చూసి, నిలబడే వంగాడు. ఒక్కవేలితో ఒక్కొక్కటే నొక్కుతాడు అతను. తేదీ దగ్గర ఈ సోమవారం నొక్కాడు. వేళ దగ్గర రెండూ నలభై, ఏఎం. పెళ్ళికూతురి పేరు అడిగితే తడుముకుని 'పిల్ల' అని కొట్టాడు. అందరూ మెడలు చాచి చూస్తున్నారు. రత్నమాలగారు కూడా విమానాన్ని పట్టించుకోవడం మానేసింది. ఎవరికీ తప్పేమీ కనిపించలేదు. ఇవాళ సోమవారం, పెళ్ళి ఇవాళ రాత్రి, వేళ రెండూ నలభై.

పాండు చివరి బటన్ నొక్కాడు. తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఈ ముహూర్తం గడిచిపోయింది, మరొక తేదీ ఎంచుకోండి.

"గడిచిపోయిందా?" అన్నాడు పాండు. "ఇయ్యాల రాత్రి ఇంక రానేలే, గడిచిపోయిందంటదేంది ఇది?"

సునీత ఆ ఎర్రటి అక్షరాల వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. ముందు చిన్నగా, ఆపైన ఆపుకోలేనంతగా. బల్ల పట్టుకుని నవ్వుతుంటే ఈశ్వరయ్య కంగారుపడి మంచినీళ్ళు తెమ్మన్నాడు.

"మామా, నువ్వు ఎక్కించింది సరైందే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇందుల ఎవ్వరిదీ తప్పు లేదు. పెద్దబాపూ, ఇయ్యాల ఏ వారం?"

"సోమారం."

"సోమారం రాత్రి రెండింటికి ఏ వారం?"

"సోమారం రాత్రి అంటున్నవ్ గద, సోమారమే."

"మనకు సోమారమే. కంప్యూటర్‌కు కాదు. దానికి రాత్రి పన్నెండు కొట్టంగనే మంగళారం. సోమారం రెండూ నలభై అంటే, అది దాటిపోయిన తెల్లారగట్ల అనుకున్నది. నిన్న మనమంత పండుకున్న రాత్రి. అవ్వోల్ల పిల్ల లగ్గం గూడ గట్లనే బేస్తారం రెండూ నలభై అన్నందుకు, బుధారం రాత్రి దాటినంక వచ్చే తెల్లారగట్ల ఉన్నదనుకున్నది. గందుకే బుధారం నిండింది, బేస్తారం ఖాళీ."

అనంతమ్మ ఆశ్చర్యపోయింది. "పొద్దు పొడవకుండ వారం ఎట్ల మారుతది బిడ్డా?" అని అడిగింది.

"మారదు అవ్వా. అది దానికి చెప్పకపోతిమి."

వరప్రసాద్ ఒప్పుకోలేదు. చదువుకున్నవాడు, తొందరగా ఒప్పుకుంటే బాగుండదు. "అలా కాదండీ. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందని అందరికీ తెలుసు. చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎక్కించేవారు ఆ మాత్రం చూసుకోవాలి."

"సార్, మీ పెండ్లి ఎప్పుడైంది?" అంది సునీత.

"నా పెళ్ళికీ దీనికీ ఏం సంబంధం?"

"ఊకె చెప్పుండ్రి సార్."

"శ్రావణంలో. ఆగస్టు ఇరవై రెండు. పుష్కరాల రేవు దగ్గర కల్యాణమండపంలో. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం."

సునీత కుర్చీ ఖాళీ చేసింది. ఏ ముహూర్తం ఏ రాత్రి కిందికి వస్తుందో ఆ ఫంక్షన్ ఎలా లెక్కేస్తుందో చూసే పేజీ ఒకటి ఉంది. అది తెరిచి పెట్టింది. "మీ చేతితోనే కొట్టుండ్రి. ఏ సంవత్సరమైనా సరే."

వరప్రసాద్ ధీమాగా కూర్చుని ఆగస్టు ఇరవై రెండు కొట్టాడు. మూడు కొట్టాడు. ఏఎం పెట్టాడు. బటన్ నొక్కాడు. ఆగస్టు ఇరవై ఒకటి రాత్రి అని వచ్చింది.

"ఇరవై ఒకటి రాత్రి మీరు యాడున్నరు సార్?"

వరప్రసాద్ చాలాసేపు ఆలోచించాడు. "ఇరవై ఒకటి రాత్రి మేమింకా ఇంటి దగ్గరే ఉన్నామండీ," అన్నాడు చివరికి. "మా బాబాయి బస్సు మాట్లాడడానికి వెళ్ళి ఇంకా రాలేదు." ఆ మాటకు రత్నమాలగారు పగలబడి నవ్వింది. మా పెళ్ళి కూడా మూడున్నరకేనండీ, ఇన్నేళ్ళూ మేమూ శుభలేఖలో ఉన్న తేదీకే కేకు కోస్తున్నాం, అని చెప్పి తన కోసం కూడా ఒకసారి నొక్కి చూడమంది. నొక్కితే ఆమె పెళ్ళి కూడా ఒకరోజు ముందే అయిపోయింది. అనంతమ్మ తన పెళ్ళి ఏ తేదీన అయిందో తెలియదని, అయింది మాత్రం నిజమని చెప్పింది.

నవ్వులు సద్దుమణిగాక ఈశ్వరయ్య లేచాడు. ఆయనకు సారీలు చెప్పడం చేతకాదు. పాండు దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యి వేసి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. "నేను జర తొందరవడ్డ పాండూ. మనసుల వెట్టుకోకు," అని, టీ తెచ్చిన గ్లాసుల్లో నిండుగా ఉన్నది వెతికి అతని చేతికిచ్చాడు. పాండు రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు. సునీత అతన్నే చూసింది. ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఈ మనిషి తాళాలు పెట్టేసి నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా.

అయినా గురువారం రాత్రి గురువారం రాత్రే. ఎవరి తప్పూ లేదన్నంత మాత్రాన హాలు రెండు కాదు కదా. ఆ సంగతి ముందుగా గుర్తొచ్చింది రత్నమాలగారికే. నవ్వు ఆపి, "మరి మా సంగతేమిటండీ?" అంది.

అనంతమ్మ కాళ్ళు కిందికి దించింది. "అమ్మా, మీ లగ్గం ఎన్నింటికి అంటివి?"

"తొమ్మిది లోపేనండీ."

"మాది రెండు దాటినంక. నడుమ బొచ్చెడు పొద్దున్నది. మీ లగ్గం కానియ్యి. మీ సుట్టాలు తినుండ్రి, పోటోలు దిగుండ్రి. పిల్లను తోల్కొని మీరు బైలెల్లంగనే మేమొస్తం. మావోల్లు ఎట్లయినా పది దాటనిది ఇల్లు కదలరు."

రత్నమాలగారు ఒప్పుకున్నట్టే ఉంది గానీ ముఖంలో ఏదో తటపటాయింపు. చివరికి చెప్పేసింది. "ఒకరి పెళ్ళి జరిగిన మండపంలో ఇంకొకరిది... మీకేం పట్టింపు లేదా అమ్మగారూ? మా పూలు వాడిపోయి ఉంటాయి కూడానూ."

"మీ పూలు మాకెందుకమ్మా. మా చేన్ల బంతి విరగవూసింది. మా పూలు మేము తెచ్చుకుంటం. మీ పూలు మీరు తీస్కవోండ్రి, మండపం కడిగించి మేము మల్ల కట్టుకుంటం. పట్టింపుదేమున్నది? ఒక్క రాత్రి ఇద్దరు పిల్లల లగ్గమైతే ఆ గడ్డకు ఇంత మంచే గద."

పాండు అప్పటికే మనిషయ్యాడు. వెనకాల రెండు వంటశాలలున్నాయని, ఇటువాళ్ళ బండ్లు తూర్పు గేటు నుంచి, అటువాళ్ళవి రోడ్డు గేటు నుంచి పోనిస్తానని, మైకు పదిన్నరకు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతుందని వరసబెట్టి చెప్పుకుపోతున్నాడు. రత్నమాలగారు తన సందేహాలన్నీ ఒక్కొక్కటే వదులుకుంది. వెళ్ళేముందు అనంతమ్మను తన కొడుకు పెళ్ళి భోజనానికి పిలిచింది. మనవరాలి పెళ్ళి రాత్రి తనకు భోజనానికి వచ్చే తీరికెక్కడిదని అనంతమ్మ అంది. అని, ఏమేం వండిస్తున్నారో అడిగి తెలుసుకుంది.

ఈశ్వరయ్య, పాండు వాళ్ళిద్దరినీ సాగనంపి వచ్చేసరికి సునీత పనిలో పడిపోయి ఉంది. ఆమెకిప్పుడు ప్రాణం హాయిగా ఉంది. తప్పు దొరికాక దాన్ని సరిచేసే గంట ఉంటుందే, అంత సుఖం ఆ ఉద్యోగంలో ఇంకెక్కడా లేదు. తెల్లవారుజాము ముహూర్తం ఎవరు ఎక్కించినా వెబ్‌సైటు ఇకమీదట ఆగి అడుగుతుంది. గురువారం రాత్రేనా, తెల్లవారితే శుక్రవారమేనా, అని శుభలేఖలో రాసినట్టే అడుగుతుంది. అవునంటేనే ముందుకు పోతుంది.

"కొత్తవాటికి అది బాగుంది," అన్నాడు వరప్రసాద్. ఇప్పుడతను ఆమె కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. "మరి ఇదివరకు ఎక్కించినవి? ఈ మాఘమాసం అంతా ఇలాంటివే ఉంటాయేమో. ఇంకో జంట ఎక్కడైనా ఢీకొంటే మళ్ళీ మన మీదికే వస్తారండీ."

నిజమే. పందిరికి ఇదే మొదటి పెళ్ళిళ్ళ సీజను, ఇంతవరకూ ఉన్నది ఈ ఒక్క హాలే. తెల్లవారుజాము ముహూర్తాలన్నీ ఎక్కించింది పాండే, అన్నీ ఒకే తీరున ఎక్కించాడు. సునీత సరిచేసిన ఫంక్షన్‌కు సీజను మొత్తం అప్పగించింది. తెల్లవారుజాము ముహూర్తాలన్నిటినీ వాటి వాటి అసలు రాత్రుల్లోకి జరిపి, ఎక్కడైనా రెండు పడ్డాయేమో చూడమంది. కాసేపటికి జవాబు వచ్చింది. ఢీకొన్నవి ఇంకేమీ లేవు.

"బతికిపోయాం," అన్నాడు వరప్రసాద్. అని, ఇంటికి ఫోను చేసి భార్యతో పెళ్ళిరోజు గురించి ఏదో చెప్పాలని బయటికి పోయాడు. ఈశ్వరయ్య, పాండు ఏ గేటు దగ్గర ఎవరిని పెట్టాలా అని మాట్లాడుకుంటున్నారు.

సునీత అలా జరిపిన బుకింగులను పైనుంచి కిందికి ఒకసారి చూసుకుంటోంది. మామూలుగా ఆమె పేర్లు చదవదు. తేదీలు, వేళలు, అంతే. పెళ్ళికూతుళ్ళ పేర్లతో ఆమెకు పనేముంది? ఇవాళ మనసు బాగుండి, ఊరికే చదువుతూ పోయింది. ఎవరో భాగ్యలక్ష్మి. ఎవరో కవిత. ఆ కింద మాఘం చివరి ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం. వధువు సునీత. తండ్రి సత్తయ్య. ఊరు నర్కుడ.

ఆమె ఊరు నర్కుడ. ఆమె తండ్రి సత్తయ్య. నర్కుడలో ఇంకో సత్తయ్య ఉన్నాడేమో, అతనికి ఇంకో సునీత ఉందేమో అని ఒక్క క్షణం వెర్రిగా ఆలోచించింది. లేరని ఆమెకు తెలుసు. ఎక్కించినవారు పాండు.

ఒళ్ళంతా వేడెక్కింది. కోపం వచ్చింది. నన్ను అడగకుండానే నా పెళ్ళికి హాలు పట్టేశారా? ఎవడికిచ్చి? వరుడి పేరున్న గడి తెర అంచున సగం దాక్కుని ఉంది. ఆమె వేలితో పక్కకు లాగింది.

వీరేందర్. ఊరు కొత్తూరు.

ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే వీరేందర్. రోజూ డ్యూటీ దిగాక శంషాబాద్ బస్టాండు దగ్గర ఆమెతో కలిసి టీ తాగి, అదేం పెద్ద సంగతి కాదన్నట్టు బండెక్కి వెళ్ళిపోయే వీరేందర్. ఇష్టమని ఆమె అతనికే ఇంకా చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, బాపుకు చెప్పలేదు. ఆ పేరు ఇంట్లో ఒక్కసారి కూడా పలకలేదు. వచ్చిన కోపం వచ్చినట్టే ఎటో పోయింది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, బల్ల అవతల ఉన్నవాళ్ళకు వినిపిస్తుందేమోనని సిగ్గేసింది.

"మామా," అంది.

పాండు తల తిప్పాడు. తెరమీద ఏముందో అక్కడి నుంచే చూశాడు. గ్లాసు కింద పెట్టాడు.

"నీ పేరు మేమే ఎక్కించినం బిడ్డా. సీజన్ల హాలు దొరకదని. నీకు జెప్పాల్నని మీ బాపు రోజు అనుకుంటనే ఉన్నడు."

"నా పేరు సరే మామా. ఆ పేరు మీకెట్ల ఎరుక?"

నెత్తిమీద విమానం దిగుతోంది. పాండు అది పోయేదాకా ఆగాడు.

"ఆ పిలగాడే వచ్చిండు. నిన్నటిది గాదు, అవతలి ఐతారం, నువ్వు ఇంట్ల లేనప్పుడు," అన్నాడు. "ఒక్కడే రాలే."